చిన్నమ్మలు నేసిన శాలువా

బండారులంకలో చిన్నమ్మలు మగ్గం గుంటలో కాళ్లు పెట్టే వేళకి, కూతురు సత్యప్రియ క్యారేజీ సర్దుకుని అమలాపురం ఆటో ఎక్కేసేది. ఇంజనీరింగు కాలేజీలో ఆమెది తాత్కాలిక ప్రోగ్రామరు ఉద్యోగం. చిన్నమ్మలు నేసిన బట్ట భుజాన ఉన్నవాళ్ల నోట పరాయి మాట పలకదు. ఆ మాట ఎవరిదో వాళ్ల గొంతులోంచే వస్తుంది. అందుకని పెళ్లిళ్ల పేరయ్యలు ఆమె దగ్గర కండువాలు కొనరు, అంతే.

2004లో ఆ కాలేజీలో డేటాబేస్ సదస్సు పెట్టేరు. నాలుగు లక్షల భూమి రికార్డుల్లో ఒక సర్వే నంబరు వెతకాలంటే తొమ్మిది నిమిషాలు పట్టేది. పడుగులో తెగిన పోగుని అమ్మ ఒక్క చూపులో పట్టుకునే తీరు చూసి, సత్యప్రియ రెండేళ్లు కూర్చుని దాన్ని రెండు సెకన్లకి దించింది. సదస్సులో చదివే ఆ పని తాలూకు పత్రం ఎవరిదైతే వాళ్లకి హైదరాబాదులో పరిశోధన ఉద్యోగం. ఆహ్వానపత్రికలో పేరు మాత్రం శాఖాధిపతి రాజేంద్రప్రసాద్‌ది. సత్యప్రియకి టీ కూపన్లు పంచే పని.

"నా పేరేదండీ?"

"పేర్లదేముందమ్మా, విజ్ఞానం సమాజానిది."

"మరి మీ పేరెందుకండీ?"

ఆయన నవ్వి, "కూపన్లు జాగ్రత్త" అన్నాడు.

దున్నేవాడిదే భూమి అని గోడలనిండా రాసుకున్న దేశం. ఇక్కడ రాసినదాని రాత దొర పేరున రిజిస్టరైపోతుంది! సత్యప్రియ ఏడవలేదు. సన్మానానికి శాలువా కొనడానికి బయల్దేరిన అటెండరు దుర్గారావుని ఆపి, "మా అమ్మ నేసిందుంది" అంది.

దుర్గారావుదీ బండారులంకే. "ఆయ్, అదే బావుంటాదండి" అన్నాడు.

సన్మానం ఆఖర్న చెయ్యడం ఆనవాయితీ. రైలు అందుకోవాలని రాజేంద్రప్రసాదే తొందరపడి ముందు కప్పించుకున్నాడు. తర్వాత మైకు ముందు నోరు తెరిచేడు.

"రికార్డులను పడుగులా పరిస్తే..." అన్న మాట తలుపు దగ్గర నిలబడ్డ సత్యప్రియ గొంతులోంచి వచ్చింది. తలలన్నీ అటు తిరిగేయి.

"కాస్త గట్టిగా చెప్పమ్మా, ఇక్కడికి అందట్లేదు" అన్నారు ముందు వరసలోంచి, ఆ ఉద్యోగం ఇవ్వడానికి వచ్చిన భవానీదేవి.

సత్యప్రియ పళ్లు బిగించి నోరు మూసేసింది. వేదిక మీద ఆయన పెదాలు ఒడ్డున పడ్డ కొరమీను నోరులా ఆడుతున్నాయి. ఒక నిమిషం. రెండు నిమిషాలు. రెండేళ్లు నోరు మూసుకోవడం ఎలా ఉంటుందో ఆ పెద్దమనిషికి కొంతైనా తెలియాలి. ఆయన శాలువా తీసెయ్యబోతే దుర్గారావు వచ్చి, "సభలో తియ్యకూడదండి" అని మళ్లీ సర్ది వెళ్లేడు.

ఆయన రెండు చేతులూ జోడించేడు. సత్యప్రియ తల అడ్డంగా ఊపింది.

చివరికి కాగితాలు బల్లమీద పెట్టేసి, "ఇది నేను చేసింది కాదు. ఈ అమ్మాయి చేసింది" అన్నాడు. ఆ ఒక్క మాటా ఆయన గొంతుతోనే వినిపించింది.

భవానీదేవి పెన్ను తీసి ఆహ్వానపత్రికలో ఆయన పేరు కొట్టేసేరు. "హైదరాబాదు ఎప్పుడు రాగలవమ్మా?"

"సోమవారానికల్లా వచ్చేస్తానండి."

సత్యప్రియ వేదికెక్కింది. రాజేంద్రప్రసాద్ గడియారం చూసుకుంటూ మెట్లు దిగబోయేడు.

"కూర్చోండి సార్" అంది మైకులోనే. "మొత్తం వినే వెళ్లండి. రేపెవరైనా అడిగితే ఎవరిదో చెప్పాలి కదండీ."