కావ్యశ్రీ కారుకి ఆయుధపూజ

కూతురు కారు డిక్కీలో గ్యాస్ బండ పెట్టుకుని తిరుగుతోందని తెలిసిన రోజు నుంచి వసంతలక్ష్మికి కంటి మీద కునుకు లేదు. తెనాలి నుంచి అమెరికాలోని ఇర్వింగ్‌కి వచ్చిందే కూతురి దగ్గర కొన్నాళ్లు హాయిగా ఉండి పోదామని. హాయి సంగతి దేవుడెరుగు, పార్కింగ్‌లో ఆ కారు కనబడితే చాలు, ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లేది.

"అది గ్యాస్ బండ కాదమ్మా, నైట్రస్ ఆక్సైడ్," అని కావ్యశ్రీ ఎన్నిసార్లు చెప్పిందో. "దానంతట అది అసలు మండదు. పెట్రోలు మండేటప్పుడు ఇంకా గట్టిగా మండేలా చేస్తుంది, అంతే."

"అంతేనా! ఇంకేం, గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాను," అంది వసంతలక్ష్మి.

కావ్యశ్రీ ఆఫీసుకి వెళ్లేదీ ఆ కారులోనే, కూరగాయలు తెచ్చేదీ ఆ కారులోనే. నెలకో శనివారం మాత్రం ఊరి బయట రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లి, తిన్నగా ఉన్న పావుమైలు రోడ్డు మీద ఎంత వేగం వెళ్తుందో చూసుకుని వచ్చేది. పోనీ పిల్ల దూకుడుదా అంటే అదీ కాదు. పొయ్యి మీద వంకాయ కూర పెట్టి మర్చిపోయే మనిషి, ఈ కారు దగ్గరికొచ్చేసరికి కంసాలిలా కూర్చునేది. రోడ్డు మీద ఉన్నంతసేపూ సిలిండర్ కట్టేసే ఉంచేది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తప్ప గ్యాస్ రాకుండా స్విచ్చు పెట్టింది. పెట్రోలు ఒత్తిడి తగ్గితే మొత్తం ఆగిపోయేలా ఇంకో స్విచ్చు పెట్టింది. టెక్సస్ ఎండకి సిలిండర్ వేడెక్కితే గ్యాస్ బయటికి పోవడానికి కారు కిందికి గొట్టం దింపింది. మోతాదు కూడా దొరికేవాటిలో చిన్నదే తీసుకుంది. "ఇన్ని జాగ్రత్తలు పడాల్సిన పని అసలు చెయ్యడం ఎందుకే తల్లీ?" అని వసంతలక్ష్మి అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేది.

వసంతలక్ష్మి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అలిగింది. అన్నం మానేసింది. పోయిన నెల పిల్ల ట్రాక్‌కి బయల్దేరుతుంటే గుండె పట్టుకుని సోఫాలో కూలబడింది కూడా. కావ్యశ్రీ హడలిపోయి, కాళ్లకి చెప్పులైనా లేకుండా ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండె భేషుగ్గా ఉందన్నాడు. "నిజంగానే నొప్పొచ్చిందే! నీ మీద ఒట్టు," అంది వసంతలక్ష్మి. ఆ తర్వాత నెల రోజులూ అదే మాట మీద నిలబడింది. కావ్యశ్రీ వాదించలేదు. ముభావంగా ఉండిపోయింది, ఎంతవరకో అంతవరకే మాట్లాడింది. ఆ ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య మిక్సీ చప్పుడే ఎక్కువగా వినబడేది.

ఇంతలో దసరా వచ్చింది. ఇక ఈ మొండిదానితో నావల్ల కాదు, అమ్మవారే చూసుకోవాలి అనుకుంది వసంతలక్ష్మి.

"ఆ కారుదేదైనా ఒకటి ఇవ్వవే, ఆయుధపూజలో పెడతాను. కారు మొత్తం తెచ్చి అల్మారాలో దేవుడి పక్కన పెట్టలేను కదా."

చాలా రోజుల తర్వాత కావ్యశ్రీ నవ్వింది. వెళ్లి రెండు చిన్న ఇత్తడి బిళ్లలు తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. చొక్కా గుండీ కన్నా చిన్నవి. "జెట్లు అంటారమ్మా. ఒకదాంట్లోంచి నైట్రస్, ఇంకోదాంట్లోంచి పెట్రోలు వెళ్తాయి. శుభ్రం చేద్దామని విప్పినవాటిలో మిగతావన్నీ బిగించేశాను, ఇవే మిగిలాయి. రేపు పొద్దున వీటిని పెట్టేస్తే అయిపోయినట్టే."

వసంతలక్ష్మి వాటిని పళ్లెంలో పెట్టి, పసుపు చిక్కగా కలిపి, వేలితో అద్ది అద్ది రాసింది. కుంకుమ పెట్టింది. అక్షింతలు వేసింది. నా పిల్లని చల్లగా చూడు తల్లీ అని కళ్లనీళ్లు పెట్టుకుని మరీ దణ్ణం పెట్టింది. మర్నాడు పొద్దున కావ్యశ్రీ వాటిని పట్టుకెళ్లి కారుకి బిగించుకుంది.

ఆ మధ్యాహ్నం ట్రాక్‌కి తనూ వస్తానని కూర్చుంది వసంతలక్ష్మి. ఇంట్లో ఒక్కతే కూర్చుని ప్రతి ఫోనుకీ చావడం కన్నా కళ్లెదురుగా చూడటమే నయమనిపించింది. చూశాక తెలిసింది, నయం కాదని. ఒక్కో కారు బయల్దేరుతుంటే ఆ చప్పుడు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినబడుతోంది. గుండెల్లో రైళ్లు పరిగెత్తడం అంటే ఏమిటో ఆవిడకి ఆ రోజే తెలిసింది. కావ్యశ్రీ హెల్మెట్ పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని, కార్ల వరసలో చేరింది. ముందు ఇంకా నాలుగైదు కార్లున్నాయి.

వసంతలక్ష్మికి తోడుగా రోహన్ కంచె ఇవతల నిలబడ్డాడు. కావ్యశ్రీతో పనిచేసే కుర్రాడు, ఇక్కడే పుట్టాడు. తెలుగు ఇష్టంగా మాట్లాడతాడు గానీ అది నోట్లో ఐస్ ముక్క పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది.

"భయం వద్దు ఆంటీ. కావ్య అన్నీ చాలా సేఫ్‌గా చేసింది. మీకు చూపిస్తాను, చాలా కూల్," అంటూ కావ్యశ్రీ సామాన్ల డబ్బా తెరిచి, అదనంగా ఉన్న జెట్ ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకున్నాడు. "ఇటు సూర్యుడి వైపు చూడండి. మధ్యలో హోల్ కనిపిస్తుందా?"

వసంతలక్ష్మి కళ్లజోడు సర్దుకుని చూసింది. సూదిమొనంత కన్నం. అందులోంచి సన్నగా వెలుగు.

"కన్నం ఉంటుందా దీనికి?"

"హోల్ ఉంటేనే కదా ఆంటీ పనిచేసేది! ఎంత నైట్రస్ వస్తే దానికి తగ్గ పెట్రోల్ రావాలి. నైట్రస్ వచ్చి పెట్రోల్ రాలేదంటే, అయిపోయింది. ఇంజిన్ లోపల చాలా హీట్. పిస్టన్ మెల్ట్ అవుతుంది, బ్లో అవుతుంది, ఫైర్ కూడా."

"అప్పుడు ఆపే స్విచ్చు పెట్టింది కదా? పెట్రోలు ఒత్తిడి తగ్గితే ఆగిపోతుందంది?"

"అది పైపులో ప్రెషర్ చూస్తుంది ఆంటీ. జెట్ దగ్గర బ్లాక్ ఉంటే దానికి తెలీదు."

వసంతలక్ష్మి పసుపంటిన తన వేలి గోరు చూసుకుంది. నిన్న పళ్లెంలో పెట్టినప్పుడు ఆ బిళ్లల్లో కన్నం ఉందని కూడా ఆవిడ చూడలేదు. చిక్కటి పసుపు, వేలితో, అద్ది అద్ది రాసింది. రాత్రంతా ఆరింది. ఆరిన పసుపు ఎలా గట్టిపడుతుందో గడపలకి రాసే మనిషికి ఒకరు చెప్పాలా?

"రోహన్, ఆపు బాబూ! కారు ఆపించు! నేను పసుపు పూశాను వాటికి. కన్నాలు మూసుకుపోయి ఉంటాయి!"

రోహన్ ఆవిడ వైపు జాలిగా చూశాడు. పోయిన నెల ఆస్పత్రి కథ అతనికీ తెలుసు. "ఆంటీ, కావ్య చెక్ చేసే ఉంటుంది. తను అన్నీ రెండుసార్లు చెక్ చేస్తుంది."

"ఫోనన్నా చెయ్యి నాయనా!"

"తన ఫోన్ నా దగ్గరే ఉంది ఆంటీ."

వరసలో కార్లు కదిలాయి. కావ్యశ్రీ ముందు ఒక్క కారే మిగిలింది. ఇక వసంతలక్ష్మి ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కంచె తెరిచి ఉన్న చోటునుంచి లోపలికి పరిగెత్తింది. నారింజ రంగు చొక్కా వేసుకున్న ట్రాక్ మనిషి "మేడమ్! మేడమ్!" అని అరుస్తూ వెంటపడ్డాడు. రోహన్ అతని వెనక పడ్డాడు. ఆవిడకి ఏమీ వినబడటం లేదు. కాళ్లు తనవిలా లేవు. ఎప్పుడు తడబడి పడిపోతానో, ఈలోపు ఆ కారు ఎక్కడ కదిలిపోతుందోనన్న ఒక్క భయమే ఆవిడని తోసుకుపోయింది. వెళ్లి కూతురి కారు ముందు రెండు చేతులూ చాపి నిలబడింది.

కావ్యశ్రీ అద్దం దించి, హెల్మెట్ పైకి లాగింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"మళ్లీ మొదలెట్టావా అమ్మా? ఇందరిలో కూడానా? ఈసారి ఎక్కడ నొప్పి?"

"నొప్పి అబద్ధమే!" అని అరిచింది వసంతలక్ష్మి. "ఆ రోజు నాకే నొప్పీ రాలేదు. నీ మీద దొంగ ఒట్టు పెట్టాను. ఇది మాత్రం నిజమే. ఆ జెట్లకి పసుపు పూశాను. కన్నాల్లోకి వెళ్లిపోయింది. విప్పి చూడవే, నీకు దణ్ణం పెడతాను!"

నెల రోజులుగా ఒప్పుకోని మాటని తల్లి నలుగురిలో నిలబడి ఒప్పుకునేసరికి కావ్యశ్రీ ఇంజిన్ ఆపేసింది. కారుని పక్కకి తోశారు. సిలిండర్ కట్టేసి, పైపుల్లో ఉన్న గ్యాస్ వదిలేసి, బానెట్ ఎత్తి, పెట్రోలు వైపు జెట్ విప్పింది. ఆకాశానికేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. గుడ్డతో తుడిచి మళ్లీ చూసింది. గట్టిగా ఊదింది. చివరికి రోహన్‌కి ఇచ్చింది. అతనూ చూశాడు. చూసి, తల అడ్డంగా ఊపాడు. నైట్రస్ వైపు జెట్ కన్నం కాస్త పెద్దది, అందులోంచి వెలుగు బాగానే వస్తోంది. మూసుకుపోయింది పెట్రోలుదే.

"తిట్టవే," అంది వసంతలక్ష్మి. "నా చేతులు పడిపోను. నేనే నిన్ను..."

"నువ్వు కాదమ్మా," అంది కావ్యశ్రీ. "బిగించే ముందు కన్నంలోంచి చూడటం నా పని. ఎప్పుడూ చూస్తాను. ఊది చూస్తాను. పొద్దున సింకు దగ్గర కడగబోయాను. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నావు. చేసిన పూజ కడిగేసిందని బాధపడతావేమో అనుకున్నాను. ఎలాగూ నెల నుంచి నీతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఇది కూడా ఎందుకని... పైపైన తుడిచి పెట్టేశాను."

ట్రాక్ మీద ఇంకో కారు బయల్దేరింది. ఆ మోతకి కావ్యశ్రీ ఉలిక్కిపడింది. వసంతలక్ష్మి ఆ పిల్ల ఉలిక్కిపడటం ఏనాడూ చూసి ఎరగదు. కావ్యశ్రీ టైరుకి ఆనుకుని కిందకి జారి, వేడెక్కిన తారు మీదే కూర్చుంది. చేతులని మోకాళ్ల మధ్య అదిమి పెట్టుకుంది.

"అమ్మా, నాకు భయమేస్తోంది. ఇంకెప్పుడూ ఇది నడపలేనేమో అనిపిస్తోంది."

ఆ ఒక్క మాట వినాలని వసంతలక్ష్మి అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ మొక్కని దేవుడు లేడు. తీరా విన్నాక, ఆ భయాన్ని పిల్ల ఒంట్లోంచి ఎలా లాగి పారేయాలో ఆవిడకి తెలియలేదు. పక్కనే కింద చతికిలబడి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. "నడుపుదువుగాని, ఏం ఫరవాలేదు, నడుపుదువుగాని," అంటూ వీపు నిమురుతూనే ఉంది. అంటున్న ఆ మాటకి ఆవిడ పళ్లే టకటకలాడుతున్నాయి.