బాయిలరు ఆపిన రోజు

పదకొండైనా వరమ్మ చేతిలో చీపురు ఆగలేదు. ఆవరణంతా ఊడ్చాక, గేటు పక్క కొబ్బరిచెట్ల మట్టల మీద పేరుకున్న బూడిద కూడా పైపు పెట్టి కడగమన్నారు. రేపల్లె శివార్లలో ఊక కాల్చి కరెంటు తీసే ఆ ఫ్యాక్టరీలో ఆమె రోజుకు నాలుగొందల ఇరవై కూలికి ఆరేళ్లుగా పనిచేస్తోంది. చెట్లకు స్నానం చేయించడం మాత్రం ఇదే మొదలు.

ఇందులో ఏదో ఉంది, అనుకుంది. తెల్లారినప్పటి నుంచీ గొట్టంలో పొగ లేదు.

"మరమ్మతంట అక్కా," అంది తోటి పనామె కరుణశ్రీ.

మరమ్మతు చేసేవాడు ఒక్కడైనా కనబడితే ఒట్టు.

ఇంతలో మేనేజరు మనోహర్ వచ్చాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషే. ఆరేళ్లుగా "ఏయ్" అన్నవాడు ఇవాళ "పిన్నీ" అన్నాడు. ఆ పిలుపుకు వరమ్మ చీపురు ఆగింది.

"పిన్నీ, మధ్యాహ్నం తనిఖీకి మేడమ్ వస్తున్నారు. మీ ఆడవాళ్లంతా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం రోజు కట్టుకునే తెల్లచీరలు కట్టుకుని గేటు దగ్గర నిలబడండి. ఒక్క ఫొటో! చీరల మీద మచ్చ లేదంటే మనది శుభ్రమైన కరెంటని సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

"మరి గొట్టానికి దుమ్ము బయటికి రాకుండా ఆపే సంచులు బిగిస్తామన్నారు గదా బాబూ, రెండేళ్ల నుంచి?"

"సర్టిఫికెట్ వచ్చాక ఇంక వాటితో పనేముంది?"

అదీ సంగతి! ఊక లారీలు దించీ దించీ ఆమె భర్త ఏసుపాదం నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. ఆ దుమ్ము ఆగందే ఏ మందూ పనిచేయదని తెనాలి డాక్టరు తేల్చి చెప్పాడు. ఇల్లేమో ఫ్యాక్టరీ గోడ వెనకాలే. ఎద్దు పుండు కాకికి ముద్దా?

రెండింటికి పద్నాలుగు మంది తెల్లచీరల్లో నిలబడ్డారు. తనిఖీ ఆఫీసరమ్మ కారు దిగింది. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

వరమ్మ వరస తప్పి ముందుకొచ్చింది.

"ముందు బాయిలరు ముట్టించండి. అప్పుడు తీసుకోండి ఫొటో."

మనోహర్ నవ్వబోయాడు. "మా పిన్ని అమాయకురాలండి..."

"నేను నీ పిన్నిని కాదు. మీ బూడిద ఊడ్చేదాన్ని."

"బాయిలరు ఆపేశారా?" అడిగింది ఆఫీసరమ్మ.

"నిన్న రాత్రి ఆపారండి. మీరెళ్లగానే మళ్లీ ముట్టిస్తారు," అంది కరుణశ్రీ.

మనోహర్ వరమ్మ దగ్గరగా వచ్చి, "రేపట్నుంచి నీకు పని లేదు," అన్నాడు పళ్లు నూరుతూ.

"ముట్టించడానికి ఎంతసేపు పడుతుంది?" అంది ఆఫీసరమ్మ.

"ఆరేడు గంటలండి. మీకెందుకండీ శ్రమ, పైగా బాపట్ల వెళ్లాలన్నారు కదా."

ఆఫీసరమ్మ గడియారం చూసుకుంది. ఒకసారి కారు వైపు కూడా చూసింది. వరమ్మ ఆ చూపును పట్టేసింది. ఈమెనూ నమ్మడానికి లేదు.

వరమ్మ వెళ్లి కారు ముందు మట్టిలో, తెల్లచీరతోనే చతికిలబడింది.

"ఉండండమ్మా," అంది. "పొగ చూసే పోదురు గాని."