అల్లం టీ విరిగిన సోమవారం

శ్రీకాళహస్తి బస్టాండు పక్కన మునిరామయ్య టీకొట్టులో పాలు తేవడం, గ్లాసులందించడం నా పని. టీ పెట్టేది గురవమ్మక్క. కానీ టీ గురించి గొప్పలు చెప్పేది మాత్రం నేను. అల్లం టీకి పాలు పొంగాకే అల్లం దంచి వెయ్యాలి, ముందే వేస్తే విరుగుతాయి. బ్లాక్ టీకి మరిగిన నీళ్లు దించి, ఆకు వేసి నాలుగు నిమిషాలు మూత పెట్టాలి, పొయ్యి మీదే ఉంచితే వగరెక్కుతుంది. గ్రీన్ టీకైతే నీళ్లలో బుడగలు అణిగేదాకా ఆగాలి. ఇదంతా ఆమె నేర్పిందే. వచ్చినవాళ్లకు మాత్రం నేనే కనిపెట్టినట్టు చెప్పేవాణ్ణి. వాళ్లు నన్ను మాస్టరంటే కాదనేవాణ్ణి కాదు.

రోజూ పాలు పొయ్యి మీద పెట్టేముందు ఆమె గిన్నె నా ముందుకు జరిపి, "పాలు బాగుండాయా చంద్రా?" అని అడిగేది. ఎన్నేళ్లుగానో అదే ప్రశ్న. నాకు ఒళ్లు మండేది. నేను తెచ్చిన పాల మీద అనుమానమేమో అనుకునేవాణ్ణి. గిన్నెలోకి చూడకుండానే "బాగుండాయిలేక్కా" అనేసేవాణ్ణి.

ఆ సోమవారం రాహుకేతు పూజకొచ్చిన జనంతో కొట్టు కిటకిటలాడుతోంది. ముందురోజు పాలు రెండు లీటర్లు ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయాను. పారబోస్తే ఓనరు తిడతాడని కొత్త పాలలో కలిపేశాను. ఆమె ఎప్పటిలాగే అడిగింది. బాగున్నాయన్నాను.

అల్లం పడగానే గిన్నెడు పాలూ విరిగిపోయాయి.

అందరూ నన్నే చూశారు. నాకు భయం వేసింది. ఆ భయంలో నోరు లేచింది.

"పొంగకముందే ఏసినావా అల్లం?"

"పొంగినాకే ఏసినాను."

"మరి పులిసిన వాసన తెలీలేదా? ముక్కుండాదా లేదా నీకు?"

అంతమంది ముందు అరిచాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అంది.

"కరోనా వచ్చిపోయినకాడ్నించి నాకు ఏ వాసనా తెలీదబ్బా. అందుకే కదా దినామూ నిన్ను అడిగేది."

ఓనరు గల్లా దగ్గర నుంచి లేచొచ్చాడు. "వాసన తెలీని మనిసివి టీ ఎట్ట పెడతావు? రేపట్నించి రావద్దు."

"అట్టనొద్దన్నా. ఈ పని మీదే మా ఇల్లు గడస్తా ఉండాది."

పాలు నేనే కలిపానని ఒక్క మాట చెబితే చాలు. గురవమ్మక్క నా వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. అయినా నా పేరెత్తలేదు, నేనే చెప్తానని ఆగింది. నేను గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె సంచి తీసుకుని నా దగ్గరికొచ్చి ఆగింది.

"ఇంక పొయ్యికాడ నిన్నే నిలబెడతాడు. పాలు ముందు వాసన సూసుకో చంద్రా. నాకైతే నువ్వుంటివి. నీకు ఎవురుండారు?"

అందులో వెటకారం లేదు. నిజంగానే నా గురించి దిగులు పడుతోంది. అంతకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

గిన్నె కడిగి, కొత్త పాలు కాచి అల్లం టీ పెట్టాను. బాగానే కుదిరింది. ఓనరు ఒక గుక్క తాగి, "ఇంక టీ పని నీదే" అన్నాడు.

"సరేన్నా" అన్నాను.