రెండు గంటలకోసారి

కుడిచెయ్యి రోగి భుజం కింద, ఎడమచెయ్యి తుంటి కింద. మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు. మూడో మంచం మీది ముసలాయన కళ్ళు తెరవకుండానే రెండో పక్కకు ఒత్తిగిలాడు. మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టి, వీపు వెనక చుట్టిన దుప్పటి దోపి, మడమలు ఒరుసుకోకుండా పిక్కల కింద మడతపెట్టిన తువ్వాలు జరిపింది. తువ్వాలులో ఒక ముడత కనిపిస్తే అరచేత్తో సాపు చేసింది. కదలలేని మనిషికి ముడత కూడా ముల్లే. అప్పుడు ఉదయం ఎనిమిదయింది. గడియారమ్మ నాలుగో మంచం దగ్గరికి జరిగింది.

గోడగడియారం ఆగినా ఈవిడ ఆగదని ఎప్పుడో ఒక రోగి పెట్టిన పేరది. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఆయా. మనిషి పొట్టి, మణికట్లు మగవాడి మణికట్లంత లావు. ఇన్నేళ్ళ లాగుళ్ళకు కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. వంగినప్పుడు నడుము పట్టేస్తుందని పాత చీర చింపి పట్టీలా బిగించి కట్టుకుంటుంది. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెంకులు నేసే మొగుడు కప్పు మీంచి జారి నడుం విరిగి నాలుగేళ్ళు మంచంలో ఉన్నాడు. నాలుగేళ్ళూ రెండు గంటలకోసారి లేచి తిప్పింది. పోయిన రోజున కూడా ఆయన వీపు మీద ఒక్క పుండు లేదు. అది చూసిన డాక్టరే ఆమెను ఇక్కడ పనిలో పెట్టించాడు. రోషం వచ్చినప్పుడు ఆమె చెప్పుకునే ఏకైక గొప్ప అదే.

వార్డులో పన్నెండు మంచాలు. మంచానికో అట్ట, అట్టకో కాగితం. కాగితంలో ఆరు, పది, రెండు, మళ్ళీ ఆరు అని గళ్ళు. ఎనిమిదికి గడి లేదు, పన్నెండుకీ లేదు. గడి లేని పనికి గుర్తు పెట్టే వీలు లేదు కాబట్టి ఆమె పెట్టదు. చేయడం మాత్రం మానదు.

ఆ గళ్ళతోనే వచ్చింది తంటా అంతా.

నాలుగేళ్ళ కిందట మెత్తటి బూట్లు వేసుకుని ఒక పరిశోధకురాలు వచ్చింది. మంచి పిల్లే. ఆయాలను కూడా మీరు అని పిలిచింది. రెండు గంటలకోసారి తిప్పితే రోగులకు నిద్ర చెడుతోంది కదా, నాలుగు గంటలకోసారి తిప్పి చూద్దామంది. ఎదురువార్డులో పాత పద్ధతి, ఈ వార్డులో కొత్త పద్ధతి. ఆరు నెలలయ్యాక ఎవరికి పడకపుండ్లు ఎక్కువ పడ్డాయో తేలుతుంది. కాగితాలిచ్చి గళ్ళలో టిక్కులు పెట్టమంది. అప్పుడు ఈ వార్డులో పగలూ రాత్రీ కలిపి నలుగురు ఆయాలు. నలుగురూ బుద్ధిగా తల ఊపారు.

ఊపడమైతే ఊపారు గాని, రెండు గంటలు కాగానే చేతులు ఊరుకుంటాయా? ఒక మనిషిని ఒక ఎముక మీద నాలుగు గంటలు పడేసి, పక్కనే స్టూలు మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? పరిశోధన పాటికి పరిశోధన, మన పని పాటికి మన పని అనుకుని నలుగురూ మధ్యలో తిప్పుతూనే ఉన్నారు. ఒకరికొకరు చెప్పుకోను కూడా లేదు. పరిశోధకురాలు వారానికోసారి వచ్చి వీపులు చూసుకుని, కాగితాలు తీసుకుపోయేది. వీపులన్నీ నున్నగా ఉన్నాయి. టిక్కులన్నీ నిజమే, ఆరుకీ పదికీ రెండుకీ తిప్పిన మాట వాస్తవమే. ఒక్కొక్కటీ నిజమే, అన్నీ కలిపితే పచ్చి అబద్ధం.

రెండు వార్డులకూ తేడా లేదని తేలింది. ఆ సంగతి పెద్ద పత్రికలో అచ్చయింది. ఆరోగ్యశాఖ దాన్ని అందుకుని ఆధారాలున్న విధానమని పేరు పెట్టి అన్ని ఆసుపత్రులకూ పంపింది. మేనేజర్లకు అంతకంటే ఏం కావాలి? తిప్పడం సగమైతే తిప్పేవాళ్ళూ సగం చాలుగా! నలుగురు ఆయాలు ఇద్దరయ్యారు, పగలు ఒకతె, రాత్రి ఒకతె. ఉత్తర్వు కాపీని అద్దం కట్టించి వార్డు గోడకు తగిలించారు. దాని పక్కనే, బంధువులు రోగిని కదపరాదని ఇంకో బోర్డు. వార్డు చూసే సిస్టరమ్మ ఒక మధ్యాహ్నం ఆ వ్యాసాన్ని చదివి, తెలిసే భాషలో చెప్పింది. గడియారమ్మ మొదట ఫక్కున నవ్వింది. అందరి మతీ మన టిక్కులతో పోయిందే అంది. తర్వాత ఆ రోజంతా ఒక్కొక్క వీపునూ ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుంది.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో తొమ్మిదో మంచం మీదికి పెయింటరు వచ్చినప్పుడు తెలిసింది. నలభై ఏళ్ళవాడు. దుకాణాలకు బోర్డులు రాస్తాడు. నిచ్చెన మీంచి పడి మెడ విరిగి, మెడ కింద ఏదీ కదలదు. మూడు నెలలు వేరే ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. అక్కడి ఆయాలు కొత్తవాళ్ళు, నియమాన్ని నియమంలాగే పాటించినవాళ్ళు. పాపం వాళ్ళదా తప్పు? మొదటిరోజు దుప్పటి తీసి చూస్తే నడుం కింద అరచేయంత పుండు, లోపల ఎముక తెల్లగా. ఇరవయ్యారేళ్ళలో అలాంటిది చూడలేదామె. ఇది నా టిక్కే అనుకుంది. ఆ మాట కూతురితో అంటే, నీకెందుకమ్మా, పెద్దవాళ్ళు చూసుకుంటారులే, ఇంకెన్నాళ్ళు ఆ చాకిరీ అని విసుక్కుంది. పెద్దవాళ్ళు చూసుకున్న నిర్వాకమే కదా తొమ్మిదో మంచం మీద ఉన్నది!

పెయింటరుకు నోరు మాత్రం బాగా కదిలేది. గోడ మీది ఉత్తర్వులో అక్షరాల వరస వంకరగా ఉందని, చూడలేక చస్తున్నానని, తన మొహం కిటికీ వైపుకే తిప్పమని రోజూ పోరేవాడు. పుండు వల్ల వెల్లకిలా పడుకోబెట్టే వీల్లేదు. ఒక పూట గోడ, ఒక పూట కిటికీ. మూడు రోజులుగా జ్వరం దిగడం లేదు. ఈ పూట నవ్వు కూడా తగ్గింది. పదింటికి గోడవైపు తిప్పుతుంటే పళ్ళు బిగబట్టాడు.

"మళ్ళీ ఆ వంకర రాతేనా గడియారమ్మా?"

"పన్నెండింటికి కిటికీ నాయనా. రెండు గంటలు ఓర్చుకో."

"పన్నెండంటే పన్నెండే?"

"నేనెప్పుడన్నా తప్పానా?"

పక్కన స్టూలు మీద కూర్చున్న అతని అక్క, ఇంట్లో కుట్టుమిషను ఆపేసి రోజూ వచ్చే మనిషి, తమ్ముడి నుదురు తుడిచింది. తమ్ముడి బదులు చెల్లెలున్నా ఇంత పోరు పెట్టేది కాదని గొణిగింది. గడియారమ్మకు నవ్వొచ్చింది. ఆ రోజు అదే ఆఖరి నవ్వు.

పదకొండింటికి ఆరోగ్యశాఖ పెద్దవాళ్ళు వస్తున్నారని పొద్దుటినుంచీ హడావుడి. ఆ నియమాన్నే ఇప్పుడు వృద్ధుల ఆశ్రమాలన్నిటికీ పెడతారట. పెట్టేముందు మొట్టమొదట పరిశోధన జరిగిన వార్డును కళ్ళారా చూస్తారట. ఆ పరిశోధకురాలు ఇప్పుడు శాఖకు సలహాదారు. చెప్పేస్తానని గడియారమ్మ అంటే, సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ సంగతి తనకూ తెలుసని తేలితే తన ఉద్యోగానికీ ముప్పేనంది. గడియారమ్మ చెయ్యి విడిపించుకుంది. ఆశ్రమాల్లో ఎంతమంది ముసలివాళ్ళుంటారో ఆమెకు తెలియదు. ఒక్కొక్కళ్ళకీ ఒక నడుం ఉంటుందని తెలుసు.

వాళ్ళు వచ్చారు. మేనేజరు ముందు, పరిశోధకురాలు వెనక, ఇంకో ముగ్గురు. మేనేజరు చెయ్యి చాపి అంతా చూపిస్తున్నాడు, తానే తిప్పుతున్నట్టు. పరిశోధకురాలు గడియారమ్మను గుర్తుపట్టి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. గడియారమ్మ అక్కడే చెప్పేసింది. మధ్యలో తిప్పేవాళ్ళమని, నలుగురమూ, ఆరు నెలలూ.

పరిశోధకురాలి మొహంలో నెత్తురు లేదు. "మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు అడగలేదమ్మా. గళ్ళు నింపమన్నారు, నింపాం. మధ్యలో ఏం చేస్తున్నారని ఒక్కనాడన్నా అడిగితే చెప్పేవాళ్ళం కాదూ! వార్డులో రోగులక్కూడా తెలుసు. తెలియనిది మీకూ, మీ కాగితానికీనూ."

తర్వాత ఆమె పెయింటరు వైపు వంగి, పుండు చూపించనా అని అడిగింది.

"చూపించు," అన్నాడు గోడవైపు మొహంతోనే. "బోర్డు రాసి కడితే ఎవరూ చదవరు. ఇదన్నా చదువుతారు."

దుప్పటి తీసింది. కట్టు విప్పింది. వచ్చిన ముగ్గురూ తలలు తిప్పుకున్నారు. పరిశోధకురాలు మాత్రం చూసింది, చాలాసేపే చూసింది. మేనేజరు గొంతు సవరించుకుని, అంటే ఆరు నెలలు ఆదేశాలు ధిక్కరించారన్నమాట అన్నాడు. చూశారా తెలివి! అంత పుండు ముందు నిలబడి ఆ మనిషికి కనిపించింది ధిక్కారం. వెంటనే ఆఫీసుకు వచ్చి రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నాడు.

కట్టు మళ్ళీ కట్టి దిగిరాగానే ఆమెను కింద ఆఫీసు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. గుమాస్తా రాసి తెస్తాడు, ఆమె సంతకం పెట్టాలి. పన్నెండు కావస్తుంటే లేచింది. పైకి వెళ్ళి పన్నెండుగురినీ తిప్పేసి, అరగంటలో వస్తానంది. సంతకం అయ్యేదాకా కదలొద్దన్నారని గుమాస్తా అన్నాడు. కదిలితే మళ్ళీ వార్డు గడప తొక్కనివ్వరేమోనని భయమేసింది. కూర్చుంది. అలా కూర్చున్నందుకు తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేదు.

ఒంటిగంటకు తలుపు తీసుకుని పరిశోధకురాలు బయటికొచ్చి పక్కనే కూర్చుంది. మీ మీద చర్య తీసుకోవద్దని చెప్పానంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నటన కాదు. మరి ఆశ్రమాల సంగతేమిటని గడియారమ్మ అడిగింది.

"మళ్ళీ కొత్తగా పరిశోధన చేయాలండీ. అది తేలేదాకా ఉన్న నియమమే నడుస్తుంది. ఒక్కరి మాట మీద మార్చలేం కదా, ఆధారం కావాలి."

గడియారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. టిక్కు ఆధారమట, పుండు కాదట. నలుగురు నోరు మూసుకుని గళ్ళు నింపితే దాన్ని నమ్మి అన్ని ఆసుపత్రులూ మార్చారు. ఒకతె నోరు తెరిచి నిజం చెబితే నమ్మడానికి ఆరు నెలలు కావాలి.

"ఆ ఆరు నెలలు మీరు ఒక పక్కనే పడుకుని ఉండండమ్మా," అంది. "అప్పుడు మాట్లాడుకుందాం."

లోపలినుంచి పిలిస్తే పరిశోధకురాలు లేచి వెళ్ళింది.

నాలుగింటికి గుమాస్తా రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి వివరణ. రెండోది, రేపటినుంచి ఆమె దుప్పట్లూ దిండుగలేబులూ ఉతికి మడతపెట్టే గదికి మారాలని. రెండిటి మీదా సంతకం పెట్టి, లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ మెట్లెక్కింది.

తొమ్మిదో మంచం చుట్టూ తెర లాగి ఉంది. పెయింటరు పోయి ఇరవై నిమిషాలైందట. నెత్తురంతా విషమైపోయిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అతను గోడవైపే తిరిగి ఉన్నాడు, ఆమె పదింటికి పెట్టిన దిండు పెట్టినట్టే ఉంది. అక్క స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"పన్నెండయిందా అక్కా అని ఒకటే అడిగాడు," అంది. "ఒంటిగంటకి కూడా పన్నెండయిందా అన్నాడు. నేను తిప్పబోతే బంధువులు ముట్టుకోకూడదని ఆ బోర్డు చూపించారు. తర్వాత ఇంక అడగలేదమ్మా."

గడియారమ్మ ఆవిడ తల మీద చెయ్యి వేసింది. అట్ట మీది కాగితం కంటబడింది. రెండింటి గడిలో నీలం సిరాతో టిక్కు ఉంది. తెర పక్కకు నెట్టి బయటికొచ్చి, ఎవరు పెట్టారని అడిగింది. సిస్టరమ్మ తల వంచుకుంది. పెద్దవాళ్ళు మళ్ళీ పైకి వస్తారన్నారని, గడి ఖాళీగా ఉంటే తన మెడకు చుట్టుకుంటుందని, పన్నెండుమందివీ పెట్టేశానని చెప్పింది.

ఇరవయ్యారేళ్ళలో ఆమె వార్డులో గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"మేం చేసిన పనికి టిక్కు పెట్టలేదు తల్లీ. నువ్వు చేయని పనికి పెట్టావు. అదీ ఇదీ రెండూ ఒక్క చోటికే పోతాయి, తెలుసా?"

సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళనీళ్ళ మీద గడియారమ్మకు జాలి కలగలేదు. కలగాల్సిన రోజు కాదది.

గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. అక్కకూ ఒక గుడ్డ ఇచ్చింది, ముట్టుకోకూడదన్న బోర్డు కిందే. ఇద్దరూ కలిసి ఒళ్ళు తుడిచారు. కుడిచెయ్యి భుజం కింద, ఎడమచెయ్యి తుంటి కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, అతన్ని కిటికీ వైపు తిప్పింది. చనిపోయినవాడిని తిప్పమని ఏ కాగితమూ చెప్పదు. కాసేపటికి చక్రాల బండి వచ్చి తీసుకుపోయింది, అక్క వెనకే నడిచింది.

మిగిలిన పదకొండుమందినీ వరసగా తిప్పింది. కాగితాల వంక చూడలేదు. నడుం పట్టీ విప్పి మడిచి సంచిలో పెట్టుకుని, రేపు మీరు ఎనిమిదికి రారా అని మూడో మంచం ముసలాయన అడుగుతుండగానే తలుపు దాటింది.

తొమ్మిదో మంచం మీద దుప్పటి తీసేసిన పరుపు ఒంటరిగా ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నవాడి భుజమూ తుంటీ ఆనిన చోట స్పాంజి రెండు గుంటలు పడింది. ఆరు దాటినా అవి పైకి లేవలేదు.