రెండో నంబరు మోటార్ వేడి

బాపులపాడు పొలాలు దాటాక, కాలువ గట్టు మీదున్న పంప్‌హౌస్‌లో రెండో నంబరు మోటార్ భోజనాల వేళ ఆగిపోయింది. కాలువ నీళ్లను పైనున్న చెరువుకు ఎక్కించే మోటార్ అది. ఆరు వేల ఆరు వందల వోల్టుల మీద నడుస్తుంది. ఒకటో నంబరు మోటార్ అక్కడ లేదు. కిందటి వేసవిలో రిలే సెట్టింగ్ మార్చి నడిపితే లోపలి తీగ చుట్టలు, అంటే వైండింగ్, కాలింది. విప్పి పట్టుకెళ్లారు, ఇంకా తేలేదు. దాని దిమ్మె మీద సిబ్బంది సైకిళ్లు పెట్టుకుంటున్నారు.

రిలే అంటే ప్యానెల్‌లో ఉండే పెట్టె. మోటార్‌కు హాని జరుగుతుందని కనబడితే కరెంటు తీసేస్తుంది. ఇప్పుడు దాని తెర మీద వైండింగ్ వేడి నూట నలభై డిగ్రీలు దాటిందని ఉంది. అసిస్టెంట్ ఇంజినీర్ యోగిత ఆ తెర ముందు నిలబడి ఉంది.

చెరువులో నీళ్లు తూముకు జానెడు దిగువనున్నాయి. తెల్లారేలోపు తూము అందకపోతే కింద పోసిన నారు ఎండిపోతుంది. రైతులు వచ్చేశారు. నీటి సంఘం అధ్యక్షుడు వెంకటకృష్ణారావు ముందు నడిచాడు.

"ఏంటమ్మా, ఆగిందంటగా?"

"వైండింగ్ వేడెక్కిందండి. చల్లారేదాకా రిలే స్టార్ట్ అవనివ్వదు."

"కరెంటెంత లాగుతోంది?"

"మామూలేనండి. లోడ్ ఏం పెరగలేదు," అన్నాడు ఆపరేటర్ కోటేశ్వరరావు.

"మరింకేం! వేడి చెప్పేదే చెడింది. మా తోటలో బోరు స్టార్టర్ ఇలాగే తన్నేస్తుంటే పుల్ల పెట్టి నొక్కి ఉంచాం. రెండేళ్లయింది, శుభ్రంగా పోస్తోంది."

"ఆ రెండేళ్లలో రెండుసార్లు వైండింగ్ చేయించావుగా బాబాయ్," అన్నాడు వెనక నుంచి అనిల్ అనే కుర్రాడు. నలుగురు నవ్వారు.

"నువ్వు నోర్ముయ్యరా. ఎండేది నీ నారు కూడా."

మోటార్ చల్లారాక యోగిత స్టార్ట్ చేయించింది. పంపు నీళ్లు ఎత్తింది. బయట కేకలు వేశారు. ఆమె తెర ముందు నుంచి కదల్లేదు. అంకె తొంభై ఎనిమిది నుంచి నూట పది అయింది. తర్వాత నూట ఇరవై ఒకటి. కరెంటు పెరగలేదు. నూట నలభై దగ్గర మోటార్ మళ్లీ ఆగింది.

ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. "పరిస్థితిని బట్టి చూసుకోమ్మా," అని ఆయన పెట్టేశాడు.

కోటేశ్వరరావు గొంతు తగ్గించాడు. "వేడికి ఆపేసే ఆ టెంపరేచర్ ట్రిప్ ఒక్కటీ ఆఫ్ చేద్దాం మేడమ్. లోడ్ పెరిగితే ఓవర్‌లోడ్ ట్రిప్ ఎలాగూ పట్టుకుంటుంది. తెల్లారేదాకానేగా."

"కిందటేడు కూడా ఇలాగే అన్నారా?"

"అప్పుడు నేను సెలవులో ఉన్నానండి."

కిటికీ అవతల వెంకటకృష్ణారావు గొంతు వినబడుతోంది. "చదువుకున్నమ్మాయి, భయపడుతోంది. భయపడితే నీళ్లొస్తాయా?"

యోగిత పాస్‌వర్డ్ కొట్టింది. రిలే సెట్టింగ్‌లు మార్చే మెనూ తెరుచుకుంది. వైండింగ్‌లో ఆరు చోట్ల వేడి కొలిచే సెన్సర్లున్నాయి. చెడినదాన్ని ఒక్కదాన్నే ఆపుదామని ఆమె ఒక్కొక్క అంకె చూసింది. ఆరూ రెండు డిగ్రీల తేడాలో ఉన్నాయి.

"కోటేశ్వరరావుగారూ, వీటిలో ఏది చెడింది?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"చెడితే ఒకటి చెడుతుంది. ఆరూ కూడబలుక్కుని అబద్ధం చెప్పవుగా. వేడి నిజమే. లోడ్ పెరగలేదంటే, ఉన్న వేడే బయటికి పోవట్లేదు."

ఆమె ఏమీ మార్చకుండా మెనూలోంచి బయటికొచ్చి మోటార్ దగ్గరికి వెళ్లింది. మోటార్ వెనక భాగానికీ గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఊడ్చడానికి తప్ప అందులోకి ఎవరూ వెళ్లరు. ఫ్యాన్ గాలి పీల్చుకునే జాలీ అటువైపే ఉంది.

జాలీకి అడ్డంగా ఒక పాత చీర కట్టి ఉంది. చీర వెనక దారాలకు గుచ్చిన మామిడి ముక్కలు దండలుగా వేలాడుతున్నాయి.

ఊడ్చే సరోజను పిలిపించారు. ఆమె వచ్చి చీర వంక చూసింది, యోగిత వంక చూసింది.

"గాలి బాగా లాగుతుంది కదా అని పొద్దున కట్టానండి. బయట ఎండబెడితే కోతులు ఒక్క ముక్క ఉంచట్లేదు. దుమ్ము పడకుండా చీర వేశాను. దీనివల్ల ఆగిందా మేడమ్?"

వెంకటకృష్ణారావు సందు దాకా వచ్చేశాడు. "బుద్ధుందా నీకు? ఊరి నారంతా ఎండబెట్టి ఒరుగులు ఎండబెట్టుకుంటావా? ఎవరివే ఇవి?"

సరోజ తల దించుకుంది. "మీ ఇంటివేనండి. సీతారావమ్మగారు ముక్కలు కోసి ఉప్పేసి ఇచ్చారండి, ఎండబెట్టి తెమ్మని."

"పిన్ని ఒరుగులంట్రా! జాగ్రత్తగా దించండి," అన్నాడు అనిల్.

వెంకటకృష్ణారావు ముందుకు వంగి చీర ముడి తనే విప్పబోయాడు. అది బిగిసి ఉంది. కోటేశ్వరరావు కటింగ్ ప్లేయర్ తెచ్చి కోశాడు.

"ఇంకేం, వేయండి మరి," అన్నారు రైతులు.

"ఇప్పుడే కాదు. రెండుసార్లు కాగింది. లోపల తీగల మీది పూత, ఇన్సులేషన్, నిలిచిందో లేదో చూడాలి. అది పోయి ఉంటే, వేసిన క్షణంలో కాలుతుంది."

"ఎంతసేపమ్మా? పొద్దు వాలిపోతోంది!"

"నాకు తెలియదండి. చల్లారాలి, కేబుల్ విప్పాలి, మెగ్గర్ పెట్టి కొలవాలి."

గుంపు తలుపు దాకా వచ్చింది. వెంకటకృష్ణారావు వెనక్కి తిరిగి గుమ్మంలో కూర్చున్నాడు. "ఆగండ్రా. ఆవిడ చూడనీ." ఆయన్ని దాటి ఎవరూ లోపలికి రాలేదు.

లైను విడదీసి ఎర్త్ చేశారు. కేబుల్ విప్పారు. ఎర్త్ తీసి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ కొలిచారు. వచ్చిన అంకెను కోటేశ్వరరావు పైకి చదివాడు. యోగిత మళ్లీ కొలవమంది. అదే వచ్చింది. "బాగుంది మేడమ్," అన్నాడాయన. కేబుల్ తిరిగి బిగించారు.

మోటార్ మూడోసారి లేచింది. ఎనభై ఏడు. తొంభై రెండు. తొంభై ఆరు. కోటేశ్వరరావు చెయ్యి స్టాప్ బటన్ పక్కనే ఉంచాడు. తొంభై ఏడు. తర్వాత చాలాసేపు ఆ అంకె మారలేదు. ఒకసారి తొంభై ఆరయి మళ్లీ తొంభై ఏడయింది.

యోగిత గుమ్మం దాకా వచ్చింది. వెంకటకృష్ణారావు లేచి పక్కకు జరిగాడు.

"నీళ్లు అందగానే తూము తెరవడానికి మనిషిని పంపండి," అంది.