బయటికి రాని తూటా

కుక్క చనిపోయి వారమైనా ఆ చిల్లు లోర్నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మందను కాసే తెల్లకుక్క భుజంలో మిరియపు గింజంత రంధ్రం. అటువైపు ఏమీ లేదు. తోలు చెడకుండా కయోటీ నక్కల్ని కొట్టేవాళ్ళు వాడే తేలిక తూటా పని అది. లోపలే పొడైపోతుంది, బయటికి రాదు. వయోమింగ్‌లోని ఆ లోయలో తోళ్ళ వేటగాడు ఒక్కడే, పక్క పొలం ముసలి ఎమెట్. "వాడు కాక ఇంకెవడు?" అని మొగుడు వేడ్ ఇంట్లోనే కాదు, ఊళ్ళో దాణా కొట్టులోనూ అనేశాడు. గొర్రెలు ఈనే రోజులు దగ్గరపడ్డాయి. కుక్క లేని మంద కయోటీలకు వడ్డించిన విస్తరే.

ఏదో ఒక ఆనవాలు దొరికితే షెరీఫ్ దగ్గరికి వెళ్దామనుకుంది లోర్నా. ఏ తుపాకీ కొనాలో సలహా అడిగే వంకతో వెళ్ళి ఎమెట్ వంటింట్లో కూర్చుంది. ఆయన పోసిన కాఫీ ముట్టుకోలేదు.

"కయోటీలకి ఏది మంచిదంటారు?"

"తోలు కావాలా, కయోటీ చావాలా?"

"తేడా ఏముంది?"

"తోలుకైతే టూ నాట్ ఫోర్ తుపాకీ. చిన్న తూటా, ఒకటే చిల్లు. కానీ మన గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. నీకు గొర్రెలు బతకాలి కాబట్టి టూ ఫార్టీ త్రీ తీసుకో, బరువైన తూటా వెయ్యి. అటునుంచి పెద్ద బొక్క పడుతుంది, పడనీ! ఆ తోలుతో దుప్పటి కుట్టుకుంటావా ఏంటి?"

ఎంత తొణక్కుండా చెబుతున్నాడో ముసలి నక్క, అనుకుంది. ఒళ్ళు మండిపోయింది.

"మీ టూ నాట్ ఫోర్ ఒకసారి చూపిస్తారా?"

ఎమెట్ కప్పు దించి వింతగా చూశాడు. దొరికాడు, అనుకుంది.

"అది మీ ఇంట్లోనే ఉందిగా అమ్మాయ్!" అని నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నోరు జారాను. నీ పుట్టినరోజుకి కయోటీ తోలుతో కోటు కాలరు కుట్టిస్తానని మీ ఆయన పట్టుకెళ్ళాడు. కయోటీల్ని రప్పించడానికి కుందేలులా అరిచే ఈల కూడా నేనే ఇచ్చా. అది వింటే కుక్కలూ పరిగెత్తుకొస్తాయి, మీ కుక్కని కట్టేసి ఊదమని మరీ మరీ చెప్పా. అన్నట్టు, కుక్కెలా ఉంది?"

ఊరంతా గుసగుసలాడుతున్న మాట ఆయన చెవినే పడలేదు. లోర్నా తలెత్తలేకపోయింది. పనుందని గొణిగి బయటపడింది.

వేడ్ కొట్టంలో గడ్డి వేస్తున్నాడు.

"ఏమన్నాడు? బుకాయించాడా?"

"టూ నాట్ ఫోర్ ఎక్కడ దాచావ్ వేడ్?"

వేడ్ చేతిలో గడ్డి కింద పెట్టాడు.

"కుక్కని కట్టెయ్యకుండానే ఈల ఊదా లోర్నా. మసక వెలుతురు. పొదల్లోంచి చెవులు కనిపించాయి. కయోటీ అనుకున్నా. కాల్చాక మొరిగింది. చెప్పేద్దామనే వచ్చా. నువ్వేమో చిల్లు చూసి తోళ్ళవాళ్ళ పనే అన్నావ్. ఎమెట్ పేరు నోటికి వచ్చేసింది."

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కుక్కను పొరపాటున చంపాడంటే నమ్మగలదు. వారం రోజులు తన పక్కన కూర్చుని, అన్నం తింటూ, ఎమెట్‌ను తిట్టాడే!

"ట్రక్కెక్కు," అంది.

"ఎక్కడికి?"

"దాణా కొట్టుకి. ఎవరెవరి ముందు ఆ ముసలాయన పేరు చెప్పావో, వాళ్ళందరి ముందూ నీ పేరు చెబుదువుగాని, పద."