తోపుడుబండి ఫ్రెంచ్

కీత్ నీలం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర ముడత ఎంతకీ పోవడం లేదు. ఆ రోజు పిల్లలకు సెలవు, టీచర్లకు శిక్షణ, అదీ మా బడిలోనే. మా ఆయన కీత్ స్కూల్ బోర్డులో కంప్యూటర్ల విభాగం చూస్తాడు. వేదిక మీద మాట్లాడబోయేది తనే.

"దేని గురించి మాట్లాడుతున్నావు?" అని అడిగాను.

"వచ్చి చూస్తావుగా," అన్నాడు కాఫీ తాగుతూ.

టోస్టుకి వెన్న రాసుకుంటున్న మా అత్తగారు నోర్మా నవ్వింది. "వీడికెంత కంగారో చూడు. నీదే హాయి జిస్లేన్. వీడియో పెట్టి కూర్చుంటే చాలు, జీతం పడుతుంది."

ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ, పదకొండేళ్లుగా వింటున్న మాటే. నా హాయి ఎలాంటిదో చెప్తాను. కెనడాలోని సడ్‌బరీలో, మా ఇంగ్లీషు బడిలో ఫ్రెంచ్ టీచర్‌కి గది లేదు. తోపుడుబండే గది. దాని మీద పాత ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, స్పీకరు, రంగు కాగితాల డబ్బా. నలభై నిమిషాలకొక తరగతికి తోసుకుపోవాలి. అక్కడి టీచరు మొహం చిట్లించి బల్ల మీద ఇంత చోటిస్తే సర్దుకోవాలి. బడిలో ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి కాబట్టి, ప్రతి వీడియోనీ ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లోకి దించుకుని వెళ్తాను. వాతావరణ వార్తలు, పిల్లల పాటలు, హాకీ ఆట మీద వ్యాఖ్యానం. మూడు నిమిషాల ముక్క కోసం ఆదివారమంతా, పక్కన వాషింగ్ మెషీన్‌లో బట్టలు తిరుగుతుంటే, వెతుకుతూ కూర్చునేదాన్ని. దొరికాక దానికి ప్రశ్నలు, బొమ్మలు, ఒక ఆట. అన్నీ ఒక వెబ్‌సైట్‌లో పేర్చాను. మొన్న వేసవిలో కీత్, "పాస్‌వర్డ్ ఇవ్వు, కాపీ తీసి భద్రంగా పెడతా," అన్నాడు. ఇన్నాళ్లకు నా పని మీద గురి కుదిరిందని మురిసిపోయాను. అలా మురిసినందుకే నా మీద నాకు ఎక్కువ కోపం.

ఆ సైట్లో పిల్లలకి ప్రాణం మా అమ్మ. నెట్‌లో దొరికే ఫ్రెంచ్ అంతా పారిస్ కాఫీ హోటళ్లలో కూర్చుని మాట్లాడుతుంది, ఫ్రెంచ్ మాట్లాడే మా ఊళ్లలో మంచు ఎత్తిపోసే మనుషులు అలా మాట్లాడరు. అందుకని మా పుట్టింటి ఊరు కపస్‌కేసింగ్‌లో, అమ్మ వంటింట్లో నేనే ఇరవై ఆరు వీడియోలు తీశాను. అమ్మ బఠానీ సూపు కాస్తుంది, కుక్కని తిడుతుంది, పక్కింటావిడ గురించి చెప్తుంది. ఒకదాంట్లో అమ్మ మాటల మధ్యలో కీత్ గొంతు, "భోజనం ఎంతసేపు?" అని వినిపిస్తుంది. అమ్మ తల కూడా తిప్పకుండా, "ఆగు నాయనా. నేనింకా మాట్లాడుతున్నా," అంటుంది. నా తరగతిలో ఎవరైనా అడ్డొస్తే పిల్లలంతా అమ్మ యాసలోనే ఆ మాట అందుకుంటారు. పోయిన మార్చిలో అమ్మ చనిపోయింది.

శిక్షణ మొదలయ్యాక, బడి జిమ్‌లో తెర మీద మొదట కీత్ పేరు పడింది. తర్వాత నా పాఠాలు. నా హాకీ పాఠం, నా బొమ్మలు, నేను చేసిన ఆట. "నేను తయారుచేసిన వనరులు," అంటున్నాడు, నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో. ఆ తర్వాత అమ్మ వంటిల్లు వచ్చింది. అమ్మ నోరు కదులుతోంది, వినిపిస్తున్నది మాత్రం ఎవరో పడుచుపిల్ల గొంతు, కంప్యూటర్ తయారుచేసిన నున్నటి పారిస్ ఫ్రెంచ్. ఆ గొంతు ఆగిపోయాక కూడా అమ్మ పెదాలు కాసేపు కదిలాయి. కొందరు చప్పట్లు కొట్టారు.

విరామంలో కాఫీ బల్ల దగ్గర అతన్ని పట్టుకున్నాను. "నా పేరేది కీత్?"

"మనిద్దరిదీ ఒకటే ఇంటిపేరుగా."

"అమ్మ గొంతేది?"

"కొత్తవి వాటి మీదే సేవ్ చేశా, పాతవి చెరిగిపోయాయి. ఆ యాస పిల్లలకెందుకు చెప్పు? అందరూ నవ్వుతారు. నీ మంచికే చేశాను." గొంతు తగ్గించాడు. "చూడు, ఇప్పుడు ప్రశ్నలుంటాయి. ఎవరైనా ఫ్రెంచ్‌లో అడిగితే కాస్త అందిస్తావుగా?"

ఇరవై ఏళ్లు మా పుట్టింటి భోజనాల బల్ల దగ్గర, ఫ్రెంచ్ రాని అతని చెవిలో మాట మాటా అందించింది నేనే. ఆ బల్ల దగ్గర అమ్మ చేతి సూపు రెండేసి గిన్నెలు తాగినవాడు, నమ్మించి నా గొంతు కోశాడు. ఏడుపు రాలేదు. అమ్మ గొంతు ఇక ఎక్కడా లేదన్న భయంతో నడవా వెంట పోతుంటే, సామాన్ల గది కనిపించింది. లోపల నా బండి.

ల్యాప్‌టాప్ తెరిచాను. సైట్‌తో సంబంధం లేని ఆ డొక్కు యంత్రం జోలికి ఎవరూ రాలేదు. ఇరవై ఆరూ ఉన్నాయి. ఒకటి తెరిచి, నాకు కావలసిన చోట ఆపి పెట్టుకున్నాను.

బండి తోసుకుంటూ జిమ్‌లోకి వెళ్లాను. ముందు చక్రం కీచుమంది. తలలన్నీ తిరిగాయి. కీత్ మొహం విప్పారింది. "సమయానికి వచ్చావు జిస్లేన్, ఈవిడ ఏదో ఫ్రెంచ్‌లో అడుగుతున్నారు, కాస్త..."

అతని ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్ తీగ పీకి నాదానికి పెట్టాను. స్పీకరు పూర్తిగా పెంచాను. తెర మీదకి అమ్మ వచ్చింది, చేతిలో గరిటె, కళ్లద్దాల మీద ఆవిరి.

"జిస్లేన్, ఏంటిది?" అన్నాడు కీత్ మైకులో.

అమ్మ తల తిప్పలేదు. "ఆగు నాయనా," అంది. "నేనింకా మాట్లాడుతున్నా."